కూలింగ్ ఉందా అన్నా?

సాయంత్రం ఏడింటికి ఏదైనా వైన్‌షాపు ముందు ఓ ఐదు నిమిషాలు నిలబడి వినండి. బీరు కొనేవాళ్లకీ అమ్మేవాళ్లకీ మధ్య మాటలు రెండు ప్రశ్నల్లో అయిపోతాయి. కొనేవాడు అడిగేది, 'కూలింగ్ ఉందా అన్నా?' అమ్మేవాడు అడిగేది, 'స్ట్రాంగా, లైటా?' అంతే. డబ్బులు, చిల్లర, నల్ల కవరు. తర్వాతివాడు ముందుకి రావాలి.

చాయ్ దగ్గర మనం ఇంత తేలిగ్గా వదిలిపెట్టం. 'అల్లం ఎక్కువ, చక్కెర తక్కువ, కాస్త గట్టిగా పెట్టు' అంటాం. బిర్యానీ దగ్గరైతే ఇక చెప్పనక్కర్లేదు. ఎక్కడ మసాలా ఎక్కువో, ఎక్కడ ముక్క మెత్తగా ఉడుకుతుందో వాదించుకుంటూ స్నేహాలు కూడా చెడగొట్టుకుంటాం. బీరు దగ్గరికొచ్చేసరికి మాత్రం నాలుకకి సెలవు. చల్లగా ఉంటే చాలు, ఎక్కితే చాలు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. వయసు 28. సొంతూరు ఖమ్మం దగ్గర ఓ పల్లె. కొండాపూర్‌లో ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి ఫ్లాట్‌లో ఉంటా. ఒకడు గుంటూరోడు, ఇంకొకడు వరంగల్ వాడు. నాకు స్ట్రాంగ్ బీర్లంటే ఇష్టం. ఈ మాట ఇంత సూటిగా రాయడానికి కొంచెం ధైర్యమే కావాల్సొచ్చింది. ఎందుకంటే మా ఇంట్లో తాగేవాళ్లందరికీ ఒకటే పేరు, తాగుబోతు. రుచి కోసం తాగేవాడు, కిక్కు కోసం తాగేవాడు, పెళ్లిలో మొహమాటానికి తాగేవాడు, అందరూ ఆ ఒక్క మాట కిందికే వస్తారు. ఆ మాట మా ఇంట్లో ఎందుకంత బరువైందో తర్వాత చెప్తా. ముందు ఆ రెండు ప్రశ్నల సంగతి చూద్దాం.

అన్నట్టు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 21 నిండనివాళ్లకి మందు అమ్మకూడదు. అంతకంటే చిన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఫ్రిజ్ సైన్సు వరకూ తీసుకుని మిగతాది వదిలేయండి.

స్ట్రాంగ్ అంటే ఎంత?

మన దేశంలో లెక్క సింపుల్. ఆల్కహాల్ 5 శాతం దాకా ఉంటే మామూలు బీరు. అది దాటి 8 శాతం దాకా ఉంటే స్ట్రాంగ్. షాపుల్లో ఎక్కువగా కదిలేది స్ట్రాంగే. 650 ఎంఎల్ సీసా, పక్కన పల్లీలో, మిర్చిబజ్జీలో. దాన్ని తప్పు పట్టడానికేం లేదు. కానీ ఒక్కసారి ఆ సీసాని సగం దగ్గర ఆపి, మిగతాది గది వేడికి వచ్చేదాకా వదిలేసి, అప్పుడు ఒక గుక్క వేసి చూడండి. తడిసిన అట్టముక్క వాసన, పలచటి పాకం, పైన స్పిరిట్ ఘాటు. మంచులా ఉన్నప్పుడు ఇవేవీ తెలియలేదు. అందుకే కౌంటర్ దగ్గర మొదటి ప్రశ్న కూలింగ్ గురించి.

బీరులో రుచి అనేది ఒకటుంటుందని నాకు తెలిసింది బెంగళూరులో, మొదటి ఉద్యోగం చేస్తున్నప్పుడు. మన దేశంలో అక్కడికక్కడే బీరు తయారుచేసి పోసే తొలితరం మైక్రోబ్రూవరీల్లో ఒకటైన డూలాలీ 2009లో పుణెలో మొదలైంది. మరుసటి ఏడాది బెంగళూరు ఇందిరానగర్‌లో టాయిట్ వచ్చింది. ఆ తర్వాత మన హైదరాబాద్‌కీ వచ్చేశాయి. ఓ శుక్రవారం మా టీమ్ లీడ్ అలాంటి చోటికి తీసుకెళ్లి గోధుమ బీరు ఇప్పించాడు. గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే అరటిపండు వాసన, వెనకాలే లవంగం. 'ఎసెన్స్ కలుపుతారా?' అని అడిగా. ఏమీ కలపరట. ఆ రకం ఈస్ట్ పులియబెట్టేటప్పుడు తనంతట తనే ఆ వాసనల్ని పుట్టిస్తుందట. ఆలోచిస్తే అది మన అమ్మలకి తెలిసిన విద్యే. రాత్రి రుబ్బిన పిండి తెల్లారేసరికి వేరే వాసనతో, వేరే రుచితో పొంగి కూర్చోదూ?

అక్కణ్నుంచి బెల్జియం దాకా దారి చిన్నదే. బెల్జియం బీరు సంస్కృతిని 2016లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ ట్రాపిస్ట్ అనే క్రైస్తవ సన్యాసుల మఠాలు కొన్ని బీరు చేస్తాయి. మఠం పరిసరాల్లోనే, సన్యాసుల పర్యవేక్షణలోనే తయారవ్వాలి. వచ్చిన డబ్బు మఠం ఖర్చులకీ దానధర్మాలకీ పోవాలి. ఇదీ వాళ్ల రూలు. ఇక బలం సంగతి. షిమే బ్లూ 9 శాతం. వెస్ట్‌మల్ ట్రిపెల్ 9.5. రోష్‌ఫోర్ 10 అనేది ఏకంగా 11.3. మఠాలతో సంబంధం లేని డువెల్ 8.5. ఆ పేరుకి అక్కడి యాసలో దెయ్యం అని అర్థం. వీటి ముందు మన స్ట్రాంగ్ చిన్న తమ్ముడు.

కానీ గొంతులో స్పిరిట్ మంట ఉండదు. రోష్‌ఫోర్‌లో ఎండుద్రాక్ష, ఖర్జూరం, కాస్త మాడిన బెల్లం. ట్రిపెల్‌లో మిరియపు ఘాటు, నారింజ తొక్క. చాలావాటిలో సీసా మూత వేసేముందు ఇంకాస్త చక్కెర, ఈస్ట్ వేస్తారు కాబట్టి సీసాలోనే మళ్లీ పులుస్తుంది. అడుగున సన్నటి మడ్డి ఉంటుంది. పడుకోబెట్టకుండా నిలబెట్టి దాచాలి, కదపకుండా ఒంపుకోవాలి. గడగడా తాగడానికి ఆ సీసానే ఒప్పుకోదు.

రెండు లీటర్ల లెక్క

గుంటూరోడు మూడు నెలలు ఆన్‌సైట్ మీద బ్రస్సెల్స్ వెళ్లాడు. 'వచ్చేటప్పుడు ఏం తేవాల్రా?' అని ఫోన్ చేస్తే నేను చాక్లెట్లు అడగలేదు. విదేశాల నుంచి వచ్చేవాళ్లు సుంకం కట్టకుండా తెచ్చుకోగలిగిన మద్యం రెండు లీటర్లు. 330 ఎంఎల్ సీసాలు ఆరైతే 1980 ఎంఎల్. నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో చేసిన ఏ లెక్కా నాకింత తృప్తినివ్వలేదు. రెండు డువెల్, రెండు షిమే బ్లూ, ఒక వెస్ట్‌మల్, ఒక రోష్‌ఫోర్. సాక్సుల్లో దూర్చి, బనియన్లలో చుట్టి తెచ్చాడు. వేల కిలోమీటర్లు ప్రయాణం చేసి ఒక్కటీ చిట్లకుండా శంషాబాద్‌లో దిగాయి. పగలడమనేది మా వంటింట్లో రాసిపెట్టి ఉంది.

ఆ ఆదివారం నేను ఊళ్లో ఉన్నా. ఇక్కడ వీళ్లిద్దరూ ఐపీఎల్ మ్యాచ్ చూస్తున్నారు. గుంటూరోడు ఓ షిమే తీసి ఫ్రీజర్‌లో పడేశాడు. 'ఇరవై నిమిషాలు, అంతే' అన్నాడట. మ్యాచ్ చివరి బంతి దాకా సాగింది. గెలిచిన ఊపులో ఇద్దరూ బిర్యానీకి బయటికెళ్లారు. అర్ధరాత్రి తిరిగొచ్చి ఫ్రీజర్ తెరిస్తే సీసా నిలువునా చీలి ఉంది. వాళ్లమ్మ గుంటూరు నుంచి డబ్బాలో కట్టిచ్చిన రొయ్యల మీద ముదురు గోధుమరంగు మంచు పేరుకుపోయి ఉంది.

'గిదేందిరా, నెత్తురు గడ్డకట్టినట్టున్నది' అంటూ వరంగల్ వాడు చేత్తో ఐస్ పెకలించబోయాడు. ఐసుకీ గాజుకీ తేడా కంటికి కనపడలేదు. అరచేతికి తెలిసింది. రాత్రి ఒంటిగంటకి దగ్గర్లోని ఆసుపత్రికి పరుగు. నాలుగు కుట్లు. కుట్లు వేస్తుంటే నర్సు అడిగిందట, 'తాగి కొట్టుకున్నారా?' అని. ఇద్దరూ ఒక్క చుక్క ముట్టలేదు. పగిలింది బీరు సీసా, తెగింది చెయ్యి, టైమ్ రాత్రి ఒంటిగంట. తాగలేదంటే ఏ నర్సు నమ్ముతుంది?

రొయ్యలన్నీ పారేయాల్సొచ్చింది. వాళ్లమ్మకి మాత్రం 'ఫ్రిజ్ పాడైందమ్మా' అని చెప్పాడు.

ఫ్రీజర్ లోపల జరిగేది

నీళ్లు 0 డిగ్రీల దగ్గర గడ్డ కడతాయి. మామూలు బీరు సున్నాకి రెండు మూడు డిగ్రీలు కిందికెళ్లాక కడుతుంది. 9 శాతం ఉన్నది ఇంకొంచెం కిందికెళ్లాక. మన ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర పనిచేస్తుంది. 'స్ట్రాంగ్ కదా, గడ్డ కట్టదులే' అనే ధీమా వోడ్కాకి సరిపోతుంది, బీరుకి సరిపోదు. నీళ్లు ఐస్ అయితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. సీసా మెడలో ఉన్న ఖాళీ దానికి చాలదు. లోపల గ్యాసు ఒత్తిడి ఎటూ ఉంది. ఇక మూతైనా ఊడాలి, గాజైనా చీలాలి.

గడ్డ కట్టకముందే తీసినా తమాషాలు జరుగుతాయి. ఓసారి వరంగల్ వాడు మామూలు బీరు సీసా ఒకటి ఫ్రీజర్‌లోంచి తీశాడు. వంచి చూస్తే లోపల నీళ్లలాగే కదిలింది. 'సరిగ్గ టైముకి తీసిన' అని మురిసిపోతూ మూత తీశాడు. మెడ దగ్గర తెల్లటి మచ్చ ఒకటి పుట్టింది. చూస్తుండగానే అది అడుగుదాకా పాకింది. సీసా మొత్తం తెల్లటి మంచుముద్ద, పైనుంచి నురగ టేబుల్ మీదికి. మంత్రం వేసినట్టే ఉంటుంది గానీ మంత్రం కాదు. కదలకుండా ఉన్న ద్రవం గడ్డకట్టే డిగ్రీ దాటి చల్లబడినా ఒక్కోసారి ద్రవంగానే ఉండిపోతుంది. మూత తీయగానే ఒత్తిడి పడిపోయి గ్యాసు బుడగలు పైకి లేస్తాయి. ఆ కదలిక చాలు, మంచు పలుకులు కట్టడం మొదలై క్షణాల్లో అంతా అల్లుకుపోతుంది.

ఆ రోజు గిన్నెలోకి ఒంపుకుని స్పూన్లతో ఐస్‌గోలాలా తిన్నాం. మొదట జారిన నీరు ఘాటుగా ఉంది, ఆఖర్న మిగిలిన మంచు చప్పగా ఉంది. ఎందుకంటే ముందు గడ్డకట్టేది నీళ్లు. ఆల్కహాలూ రుచీ మిగిలిన ద్రవంలో చిక్కబడతాయి.

దీన్నే జర్మన్లు ఒక బీరు రకంగా మార్చేశారు. పేరు ఐస్‌బాక్. కుల్మ్‌బాక్ అనే ఊళ్లో ఓ కథ చెప్పుకుంటారు. చలికాలం రాత్రి ఓ కుర్ర పనివాడు బాక్ బీరు పీపాల్ని ఆరుబయటే వదిలేశాడట. తెల్లారేసరికి పీపాలు పగిలి, ఐస్ గడ్డల నడుమ కాస్త నల్లటి ద్రవం మిగిలిందట. యజమాని మండిపడి, శిక్షగా దాన్ని వాడిచేతే తాగించబోయాడట. రుచి చూస్తే అదిరిపోయింది. కథ సంగతెలా ఉన్నా పద్ధతి మాత్రం నిజం. ఆ పద్ధతిలో చేసే ఆవెంటినస్ ఐస్‌బాక్ 12 శాతం ఉంటుంది. స్కాట్లండ్‌కి చెందిన బ్రూడాగ్ కంపెనీ 2009లో ఓ ఐస్‌క్రీం ఫ్యాక్టరీలో బీరుని గడ్డకట్టించి, ఐస్ తీసేసి, 32 శాతానికి తీసుకెళ్లింది. మరుసటి ఏడాది 41 శాతం. మన దేశంలో విస్కీ సీసా మీద ఉండేది 42.8. ఆ బీరు దాదాపు విస్కీని అందుకున్నట్టే. ఈ అంకె గుర్తుంచుకోండి, దీనితో తర్వాత పనుంది.

కరెంటు పోయిన రాత్రి

మిగిలిన ఐదు సీసాల కథ మే నెలలో జరిగింది. వరంగల్ వాడి పుట్టినరోజు. చేతి కుట్లు మానిపోయాయి. సాయంత్రం గాలివానకి మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఢాం అంది. ఫ్రిజ్ ఆగిపోయింది, ఇల్లంతా చెమట. అప్పుడు బకెట్ పద్ధతి అమల్లో పెట్టాం.

త్వరగా చల్లబడాలంటే చుట్టూ గాలి కంటే నీళ్లుండటం మేలు. వేడిని లాగెయ్యడంలో నీళ్లు గాలికంటే పాతిక రెట్లు నయం. వట్టి ఐస్ ముక్కల్లో సీసా పెడితే మధ్యలో గాలి ఉండిపోతుంది. ఐస్‌లో నీళ్లు పోస్తే సీసాని అన్నివైపులా పట్టుకుంటుంది. అందులో రెండు గుప్పెళ్లు ఉప్పు వేస్తే నీళ్లు సున్నా కంటే కిందికి దిగుతాయి. కుల్ఫీ బండివాళ్లు కుండలో ఐస్‌కి ఉప్పు కలిపేది అందుకే. ఐస్ సరిపడా ఉంటే పది పదిహేను నిమిషాల్లో క్యాన్ చల్లగా అయిపోతుంది.

'ఐస్ సరిపడా ఉంటే.' కిరాణా షాపులో దొరికినవి రెండే ప్యాకెట్లు. అవీ సగం కరిగినవే. బకెట్లో పోశాం, ఉప్పు వేశాం, ఐదు సీసాలూ దించాం. అరగంట తర్వాత సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే ఐస్ లేదు, లేబుళ్లూ లేవు. కాగితాలన్నీ ఊడి బకెట్లో తేలుతున్నాయి. సరే, మూతలు చూసి పోల్చుకుందామనుకుంటే షిమే బ్లూకీ రోష్‌ఫోర్ 10కీ నీలం మూతే. ఒకటి 9 శాతం, ఒకటి 11.3. రెండూ నల్లగానే ఉంటాయి. కొవ్వొత్తి వెలుగులో ముగ్గురు ఇంజినీర్లు సీసాల్ని పైకెత్తి దీక్షగా చూస్తున్న దృశ్యం ఊహించుకోండి.

చివరికి ఒక పద్ధతి అనుకున్నాం. నీలం మూత సీసాలు రెండు తీసి, ఒక్కోదాన్ని మూడు గ్లాసుల్లో సమానంగా పోద్దాం. ఏది ఏదో ఎవరికి వాళ్లే చెప్పాలి. ఐస్ కరిగిపోయింది కాబట్టి బీరు మంచులా లేదు. కుండలో నీళ్లంత చల్లగా ఉందంతే. గుంటూరోడు మొహం చిట్లించాడు. 'కూలింగే లేదు, ఇదేం తాగుతాంరా!'

తాగాక వాడే ముందు చెప్పాడు. 'ఒరేయ్, ఇందులో ఖర్జూరం ఉంది.'

రెండో గ్లాసులో నాకు బెల్లం తగిలింది. వరంగల్ వాడు మాట్లాడకుండా వాసనే చూస్తున్నాడు. ముగ్గురం కలిసి దాదాపు గంటన్నర కూర్చున్నాం ఆ రెండు చిన్న సీసాలతో. ఏది రోష్‌ఫోరో ముగ్గురమూ కరెక్టుగానే చెప్పాం. కరెంటు వచ్చేసరికి ఎవరికీ ఇంకోటి తెరవాలనిపించలేదు. ముగ్గురం కలిసి మందు దగ్గర కూర్చుంటే అలా జరగడం అదే మొదటిసారి.

చలి దాచిపెట్టేది

దీని వెనక కారణం ఏ పిల్లాడికైనా తెలుసు. కరిగిపోయిన ఐస్‌క్రీం తాగి చూడండి, నోరు చేదెక్కేంత తీపి. అదే చక్కెర, అదే పాలు. గడ్డగా ఉన్నప్పుడు అంత తీపి తెలియలేదు. చలికి నాలుక మొద్దుబారుతుంది. వాసనలు కూడా చల్లటి ద్రవంలోంచి సరిగ్గా పైకి లేవవు. ముక్కుకి అందకపోతే రుచిలో సగం పోయినట్టే. షిమే వాళ్లే తమ బ్లూని 10 నుంచి 12 డిగ్రీల దగ్గర తాగమంటారు. మన ఫ్రిజ్ ఉండేది 4 డిగ్రీల దగ్గర. అంటే తీసి కాసేపు బల్ల మీద ఉంచాలి.

తేలికపాటి లాగర్‌కి ఇదంతా అక్కర్లేదు. 42 డిగ్రీల ఎండలోంచి వచ్చినవాడికి అది చల్లగానే కావాలి. నేననేది స్ట్రాంగ్ వాటి గురించి. చలి తీసేశాక కూడా తాగబుద్ధేస్తే అది మంచి స్ట్రాంగ్ బీరు.

ఇంకో అపోహ కూడా తీసేద్దాం. 'ఒకసారి చల్లబడింది వేడెక్కి మళ్లీ చల్లబడితే పాడైపోతుంది' అంటారు. ఒకట్రెండు సార్లకి ఏమీ కాదు. ఎండలో నెలలు మగ్గితే రుచి పోతుంది, అది వేరే సంగతి. అసలు శత్రువు వెలుతురు. బీరుకి చేదునిచ్చే హాప్స్ పదార్థాలు వెలుతురు తగిలితే విరిగి కంపు కొడతాయి. ముదురు గోధుమరంగు సీసా కాస్త కాపాడుతుంది. ఆకుపచ్చ సీసా, తెల్ల సీసా కాపాడవు. దిగుమతి బీరుకి వందలు పోసేటప్పుడు ట్యూబ్‌లైటు కింద షోకేసులో ఉన్నది కాకుండా లోపలి డబ్బాలోది అడగండి.

తాత రేక, బాబాయి సీసా

రుచి, వాసన, డిగ్రీలు అని నేను మాట్లాడుతుంటే వరంగల్ వాడు నవ్వుతాడు. 'ఫారిన్ పైత్యం' అంటాడు. నాకు అలా అనిపించదు, ఎందుకంటే ఇది నేను మొదట చూసింది మా తాత దగ్గర. తాటికల్లు రోజుల్లో పొద్దున్నే తోటకి వెళ్లేవాడు. గౌడన్న చెట్టు దిగి లొట్టిలోంచి పోస్తుంటే తాటాకు రేక రెండు చేతులా పట్టుకుని కూర్చునేవాడు. ఒక గుక్క తాగి, 'ఇది చెరువుకట్ట చెట్టుది కాదురా, బావికాడి చెట్టుది' అనేవాడు. గౌడన్న నవ్వి తలూపేవాడు. పొద్దుటి కల్లు తియ్యగా, తేలిగ్గా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ పులిసి ఘాటెక్కుతుంది. తాతకి పొద్దుటిదే కావాలి. ఒకటో రెండో రేకలు, తర్వాత పొలం. ఐసు లేదు, ఫ్రిజ్ లేదు. ఏ చెట్టుదో తెలియడమే ఆయనకి ముఖ్యం.

మా బాబాయి కాలానికి ఊళ్లోకి బెల్టుషాపు వచ్చింది. దాంట్లో ఫ్రిజ్ వచ్చింది. సాయంత్రం పొలం నుంచి వస్తూ రెండు కూలింగ్ స్ట్రాంగ్ బీర్లు. చల్లదనం పోకముందే తాగెయ్యాలి కాబట్టి ఒకదాని వెనక ఒకటి, గబగబా. ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 'మందు కాదు కదా, బీరే కదా' అనేవాళ్లు. ఏళ్ల తరబడి, రోజూ.

47 ఏళ్లకి లివర్ చెడిపోయి ఆసుపత్రిలో చేరాడు. 'రోజుకి ఎన్ని పెగ్గులు వేసేవాడమ్మా?' అని డాక్టర్ అడిగితే పిన్ని చెప్పిన జవాబు నాకింకా వినిపిస్తుంది. 'పెగ్గులు కాదండీ, బీర్లే.' మూడు నెలలు కూడా ఉండలేదు. అప్పట్నుంచే మా ఇంట్లో తాగుబోతు అన్న మాటకి ఆ బరువు.

ఇందాక గుర్తుంచుకోమన్న అంకె ఇప్పుడు తీద్దాం. 42.8 శాతం విస్కీ 30 ఎంఎల్ చిన్న పెగ్గులో అసలు ఆల్కహాల్ దాదాపు 13 ఎంఎల్. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 ఎంఎల్ సీసాలో 52 ఎంఎల్. అంటే ఒక్క సీసా నాలుగు పెగ్గులు. బాబాయి రోజుకి ఎనిమిది పెగ్గులు తాగేవాడన్నమాట. ఆ లెక్క ఆయనకి తెలియదు, పిన్నికి తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. నేను మురిసిపోయే రోష్‌ఫోర్ కూడా తక్కువేం కాదు. 330 ఎంఎల్‌లో 37 ఎంఎల్, దగ్గరదగ్గర మూడు పెగ్గులు. ఖర్జూరం రుచి ఉన్నంత మాత్రాన లివర్ దాన్ని ఖర్జూరం అనుకోదు. 'ఇంత తాగితే ఏం కాదు' అనే సురక్షితమైన కొలతే లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేసింది.

అందుకే అప్పుడప్పుడూ నన్ను నేనే అడుగుతుంటా. ఈ రుచి కబుర్లన్నీ కిక్కుకి తొడిగిన ఇస్త్రీ చొక్కానా? నాకు దొరికిన పరీక్ష ఒకటే. ఒక్క సీసాని ముగ్గురం పంచుకుని, గంటసేపు కూర్చుని, ఇంకోటి తెరవకుండా లేవగలిగితే అది రుచి. లేవలేకపోతే అది బాబాయి సీసానే, లేబుల్ మాత్రం బెల్జియంది.

మా ఇంటి రూల్స్

ఇప్పుడు మా ఫ్లాట్‌లో కొన్ని రూల్స్ ఉన్నాయి. ఫ్రీజర్‌లోకి గాజు సీసా పోకూడదు. తొందరుంటే బకెట్, నిండా ఐస్, ఉప్పు, అదీ లేబుల్ మీద ప్లాస్టిక్ కవర్ చుట్టాకే. క్యాన్ అయినా సరే ఫ్రీజర్‌లో పెట్టినవాడు ఫోన్‌లో అలారం పెట్టాలి. స్ట్రాంగ్ సీసా తెరిచే ముందు ఎన్ని పెగ్గులో పైకి చెప్పాలి. బీరు తెరిస్తే ముగ్గురి బైకు తాళాలూ బియ్యం డబ్బాలోకి పోతాయి. 100 ఎంఎల్ రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. పై రకాల్లో ఒక్క సీసా ఒక్కడే తాగితే అది దాటడానికి చాలా సులువు.

మొన్న దసరా ముందు నాన్న కంటి పరీక్షకి హైదరాబాద్ వచ్చి రెండు రోజులు మా దగ్గరే ఉన్నాడు. మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచి, అలాగే నిలబడిపోయాడు. తలుపు అరలో పాలప్యాకెట్ పక్కన పొట్టి సీసా ఒకటి. నేను వంటింటి గుమ్మంలో ఉన్నా.

'ఇందులో ఎన్ని పెగ్గులుంటయ్?' అన్నాడు.

'మూడు' అన్నా.

'ఎంతమంది తాగుతరు?'

'ముగ్గురం.'

బాటిల్ తీసి నీళ్లు తాగాడు. ఫ్రిజ్ తలుపు వేశాడు. హాల్లోకి వెళ్తూ వెళ్తూ అన్నాడు, 'పాల పక్కన పెట్టకు. వచ్చే నెల మీ అమ్మొస్తది.'

ఆ సీసా ఇప్పుడు కింది అరలో, కొత్తిమీర కట్ట వెనక నిలబడి ఉంది. శనివారం తీస్తాం. తెరిచే ముందు ఇరవై నిమిషాలు బల్ల మీద ఉంచాలి.